చప్పుడు లేని బండి

జూన్ ఇంకా రాకముందే
పాత సైకిల్ ట్యూబు ఒకటి కోసి
ఛార్జింగ్ మూతి చుట్టూ కట్టాను.
కంపెనీవాడిచ్చిన మూత
పోయినేడు రెండో వానకే పెదవి విప్పేసింది.

ఇంటింటికీ తిరిగి నెత్తురు తీసే పని నాది.
అయిదున్నరకి చంపాపేటలో మొదటి తలుపు.
ఏడింటికి మలక్‌పేటలో షుగరు పెద్దాయన
టీ ముట్టకుండా
నన్ను తిట్టుకుంటూ కూర్చునుంటాడు.
బండి వెనక డబ్బాలో ఐసు,
ఐసు మధ్య గొట్టాలు,
గొట్టాల మీద పేర్లు.
ఏ పేరూ తడవకూడదు,
ఏ పేరూ దారిలో ఆగిపోకూడదు.

అందుకే ఆదివారం సాయంత్రం దీనిది.
ముందు తాళం చెవి తీస్తాను, తర్వాత బ్యాటరీ.
పన్నెండు కిలోలు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
నేను చంకనెత్తుకునే తీరు చూసి
మెట్ల మలుపులో రజియా ఆంటీ అడుగుతుంది:
"పాపకి స్నానం అయిందా?"

స్నానం మాటెత్తకు ఆంటీ,
పైపు పెట్టి కడిగితే చచ్చే జాతి ఇది.
తడి గుడ్డ, పొడి గుడ్డ, అరిగిన టూత్‌బ్రష్షు, అంతే.
ప్లగ్గుల పళ్లకి పల్చగా గ్రీజు.
షూ డబ్బాల్లో దొరికే
'తినరాదు' పొట్లాలు నాలుగు సీటు కింద.
మే నెలలో ఇంటికి రాగానే ఛార్జింగ్ పెట్టను;
ఎండనపడి వచ్చినవాళ్లకి
మా అమ్మ వెంటనే చల్లనీళ్లు ఇచ్చేది కాదు.

ఇంత చేసినా
జూలైలో ఒక పొద్దున, రైలు వంతెన కింద
మోకాలి లోతు నీళ్లు దాటి గట్టెక్కాక
బండికి వెక్కిళ్లు పట్టుకున్నాయి.
పోతుంది, ఆగుతుంది, పోతుంది.

సైదాబాద్‌లో బుచ్చిరాములు షెడ్డు.
నలభై ఏళ్లుగా వింటున్న చెవి అది.
స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి
కళ్లు మూసుకుంటే చాలు,
ఏ వాల్వు అబద్ధమాడుతోందో చెప్పేవాడు.
నా బండి చక్రానికీ అలాగే ఆనించాడు.
రోడ్డు మీద పోయే బస్సు వినిపించింది.
ఇంకేమీ వినిపించలేదు.

"అమ్మా, గిది మూగది.
రోగం ఎట్ల జెప్తది?"

ఆ ముఖం నాకు తెలుసు.
కొత్తగా పనిలో చేరిన పిల్లలు
ముసలి చేతికి రబ్బరు బిగించి
నరం కనపడక అలాగే చూస్తారు.
వాళ్లకి చెప్పే మాటే చెప్పాను:
కన్ను కాదు, వేలు.

రెండు గల్లీలు తిప్పి తెచ్చి
స్విచ్చు ఆపి, సీటు లేపాం.
వేళ్ల నూనె కిరసనాయిలుతో కడుక్కుని
ఒక్కో ప్లగ్గునీ ముట్టుకున్నాడు బుచ్చిరాములు.
చల్లన.
చల్లన.
మూడోదాని దగ్గర చెయ్యి లాక్కున్నాడు.
"కాలుతుంది!"
పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినంత సంబరం.

విప్పితే లోపల ఆకుపచ్చ పొడి,
ఒక పిన్ను వదులు.
గీకాడు, బిగించాడు, గ్రీజు పూశాడు.
నేను గర్వంగా నిలబడి ఉన్నాను, నిజం చెప్పాలంటే.
అప్పుడు చూశాడు నా సైకిల్ ట్యూబు.

"గిది ఎవరు కట్టిండ్రు?"
"నేనే."
"పెంకులు తిరగేసి కప్పినట్టున్నది.
అంచు పైకుంటే నీళ్లు లోపల్కే పోతయ్ గదా.
వానను ఆపలే నువ్వు, పిలిచినవ్."

విప్పి, తిప్పి, అంచు కిందికి మడిచి కట్టాడు.
యాభై తీసుకున్నాడు. సగం తగ్గించమని
అడిగే ముఖం నాకు లేకపోయింది.

ఆ రోజు మలక్‌పేట పెద్దాయనకి
టీ తొమ్మిదింటికి దక్కింది.
తిట్లు మాత్రం వేడిగానే ఉన్నాయి.

నిన్న అటుగా పోతూ చూశాను.
షెడ్డు రేకు మీద
'అన్ని రకాల ఇంజన్లు బాగుచేయబడును' కింద
సుద్దతో కొత్త వరుస:
'చప్పుడు లేని బండ్లు కూడ.'
వాన మొదలైంది.
బుచ్చిరాములు బోర్డు కింద నిలబడి
కరుగుతున్న అక్షరాలకి
దేన్ని అడ్డం పెట్టాలా అని చూస్తున్నాడు.
బండాపి
మిగిలిన ట్యూబు ముక్క ఇచ్చాను.